రెండు వేళ్ళ మేర

మే 19

సుమియే ఈ రోజు మధ్యాహ్నం రెండుంబావుకి పోయింది. ఇంట్లోనే, తోట వైపు గదిలో.

పొద్దున రెండు చెంచాల గంజి తాగింది. మూడోది వద్దంది. తొమ్మిదింటికి నర్సు వచ్చి వెళ్ళింది. పది దాటాక తలుపు పక్కకి జరపమంటే జరిపాను. పడుకున్న చోటి నుంచే తోటలో బల్ల మీద కుండీలోని పైన్ చెట్టు కనిపిస్తుంది. బల్ల పక్కన నేల మీద, ప్రదర్శనలో చెట్టుకి తోడుగా పెట్టే ఆమె గడ్డి కుండీలు పన్నెండు.

"ఏమండీ, ఆ అడవి చేమంతి కుండీని బల్ల కిందికి జరపండి."

"అక్కడ ఎండ రాదు."

"పొద్దున్నపూట కాస్త వస్తుందిలెండి. బల్ల మూడో పలకకీ నాలుగో పలకకీ మధ్య సందు ఉంది కదా, దాని కింద. సరిగ్గా దాని కిందే."

మందు ప్రభావం అనుకున్నాను. వాదించలేదు. చెప్పులు వేసుకుని దిగి, వంగడం ఎందుకని పాదంతో తోశాను.

"కాలితో కాదండీ," అంది. నేను అప్పటికే తోసేశాను. "ఇంకాస్త ఎడమకి. రెండు వేళ్ళు."

జరిపాను.

"చాలు."

ఆ తర్వాత మాట్లాడలేదు. నిద్రపోయింది. నేను చెట్టుకి నీళ్ళు పోసి, లోపలికి వచ్చి పక్కనే కూర్చున్నాను. ఒంటిగంటకి ఊపిరి తీరు మారింది. ఆమె చెల్లెలు కినుకోకి ఫోన్ చేశాను. కినుకో మూడింటికి చేరింది.

సుమియేకి అరవై తొమ్మిదేళ్ళు. పెళ్ళయి నలభై నాలుగేళ్ళు.

సాయంత్రం కూడా చెట్టుకి నీళ్ళు పోశాను.


మే 23

దహనం నిన్న అయింది. తొంభై మంది దాకా వచ్చారు. మా బోన్సాయ్ సంఘం అంతా వచ్చింది. వాళ్ళలో హిబినో అందరి ముందూ గట్టిగా ఏడ్చాడు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. నేనే అతనికి చేతిరుమాలు ఇవ్వాల్సి వచ్చింది.

చెట్టుకి రెండు పూటలా నీళ్ళు.


మే 27

నేను బాగానే ఉన్నాను.


జూన్ 2

కినుకో కూరలు తెచ్చింది. వంటింట్లో పెట్టి తోటలోకి వెళ్ళి, అక్కడి నుంచే పిలిచింది.

"బావగారూ, ఒకసారి ఇలా రండి. ఇవేమిటి?"

"మీ అక్క గడ్డి కుండీలు."

"గడ్డి ఏదీ? ఎండుగడ్డి ఉంది." ఒక కుండీ తీసి బోర్లించింది. మట్టి ముద్దగా ఊడి పడింది. ఇటుకలా ఉంది. "ముప్పై ఎనిమిదేళ్ళు నీళ్ళ ఆఫీసులో చేశారు. తకమత్సు ఊరందరికీ నీళ్ళిచ్చారు. పిడికెడు కుండీకి గుక్కెడు పోయడానికి చేతులు రాలేదా?"

"చెట్టుకి పోశాను."

"చెట్టుకి! చెట్టుకి పోస్తారని ఎవరికి తెలీదు?"

"చిన్న కుండీలకి మధ్యాహ్నం కూడా పోయాలని నాకెవరూ చెప్పలేదు."

"ఎవరు చెప్పాలి? చెప్పే మనిషి పోయింది."

తర్వాత తను కుళాయి దగ్గర కూర్చుని కుండీలన్నీ కడిగి, ఆరబెట్టి, పాత గుడ్డలో చుట్టి అరలో పెట్టింది. పదకొండు. ఒకటి ఎక్కడో లెక్క తప్పి ఉంటుంది.


జూన్ 20

వానలు పడుతున్నాయి.

సంఘానికి ఉత్తరం రాశాను. నవంబరు ప్రదర్శనలో, గోడ వెంట చెట్లు అమర్చే గూళ్ళలో నాలుగోది నాది. ముప్పై ఒక్క ఏళ్ళుగా నాదే. ఈ ఏడాది పెట్టలేను, నా వంతు మరొకరికి ఇవ్వండి అని మూడు వాక్యాలు. ఒకసారి వదిలితే మళ్ళీ రాదు. ఎదురుచూసేవాళ్ళు ఆరుగురు ఉన్నారు. అది తెలిసే రాశాను. గుండ్రటి కుండీ, మట్టితో కలిపి ఒక్క మనిషి ఎత్తలేని బరువు. అటు పక్క పట్టేది ఆమె. కారణం అంతే.

రేపు పోస్టులో వేస్తాను.


జూలై 6

నలభై తొమ్మిదో రోజు కర్మ అయింది. అస్థికలు సమాధిలో ఉంచాం. ఇంటి మందిరంలో ఇన్నాళ్ళూ అస్థికల తెల్లటి పెట్టె ఉన్న చోటు ఖాళీగా ఉంది. ఏమీ పెట్టలేదు.

ఉత్తరం సొరుగులో ఉంది. రేపు వేస్తాను.


జూలై 9

పైన్ చిగుళ్ళు కోశాను. పది రోజులు ఆలస్యమైంది.

నల్ల పైన్‌కి వసంతంలో వచ్చిన చిగుళ్ళన్నీ వేసవిలో మొదలంటా కోసేయాలి. అప్పుడు రెండోసారి వేస్తుంది. ఆ సూది ఆకులు పొట్టిగా, దట్టంగా వస్తాయి. కోయకపోతే ప్రదర్శనకి పనికిరాదు. ప్రదర్శన లేకపోయినా కోయాలి, చెట్టు ఆరోగ్యం కోసం.

మొత్తం నూట అరవై రెండు చిగుళ్ళు. ఇవి మార్చిలో మొదలయ్యాయి. ఏప్రిల్లో ఒక సాయంత్రం ఆమె దుప్పటి కప్పుకుని మెట్టు మీద కూర్చుని వీటిని చూస్తూ, "ఈసారి చిగుళ్ళు కొవ్వొత్తుల్లా బారుగా లేచాయి కదండీ," అంది.

కోసినవి మామూలుగా చెత్తలో వేస్తాను. ఈసారి ఆమె టీ కప్పులో నిలబెట్టాను. కప్పు ఖాళీగా ఉంది కనక.


జూలై 24

ఎండ దంచేస్తోంది. పేపర్లో ఆనకట్ట నీటిమట్టం వేశారు. ఉద్యోగం మానేసి ఇన్నేళ్ళయినా ముందు అదే చూస్తాను.

ఇరవై ఏళ్ళ క్రితం ఇదే నెలలో సమెయురా ఆనకట్ట అడుగంటింది. ఊరికి రోజుకి అయిదు గంటలే నీళ్ళు. పగలంతా ఫోన్లో జనం చేత తిట్లు తిని ఇంటికి వచ్చేవాణ్ణి. చెట్టుకి కుళాయి నీళ్ళు పోయకూడదని నేనే నిర్ణయించుకున్నాను. అది సుమియే వాళ్ళ నాన్న పెళ్ళికి ఇచ్చిన చెట్టు. ఆయన మా ఈ కినాషి పేటలో నలభై ఏళ్ళు పైన్‌లు పెంచినవాడు.

"నీళ్ళ ఆఫీసరు గారి చెట్టు ఎండిపోతే ఊరు నవ్వుతుందండీ," అంది సుమియే.

"పచ్చగా ఉంటే ఊరు కొడుతుంది."

"అయితే పచ్చగా ఉంచి, గోడ ఇవతల దాద్దాం."

బియ్యం కడిగిన నీళ్ళు, ముఖం కడిగిన నీళ్ళు, కూరలు ఉడికించిన నీళ్ళు చల్లార్చి పట్టేది. స్నానం నీళ్ళు ముగ్గురికి ఒకటే తొట్టి. అప్పుడు వాళ్ళమ్మ మా దగ్గర ఉండేది. ఆ తర్వాత ఆ నీళ్ళు బకెట్లలో ముంచి, పొగలు పోయేదాకా ఆగి, చెట్టుకి. సబ్బు వాడకుండా ముగ్గురం ఆ వేసవంతా వాసన కొట్టాం. వాళ్ళమ్మ, "నా అల్లుడి చెట్టుకి నా వీపు నీళ్ళా," అని పడీ పడీ నవ్వేది.

చెట్టు బతికింది.

ఆ నవంబరులో చెట్టు పక్కన గడ్డి కుండీకి బదులు ఒక నల్లరాయి పెట్టింది సుమియే. ఓసాకా నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు నా గూడు ముందు చాలాసేపు నిలబడి, "కరువు ఏడాదికి పచ్చదనం తగ్గించి రాయి పెట్టారు. నిగ్రహం అంటే ఇదీ," అన్నారు. నేను వంగి నమస్కరించాను.

ఎందుకు రాయి పెట్టావని ఆమెని అడగలేదు.


జూలై 25

ఆ ఏడు గడ్డి కుండీలన్నీ చచ్చిపోయాయి. ఇప్పుడు గుర్తొస్తోంది. "గడ్డి కదా, మళ్ళీ వస్తుంది," అంది.


ఆగస్టు 14

మొదటి ఒబోన్. వాకిట్లో తెల్ల లాంతరు కట్టాం. ఈ మూడు రోజులూ పోయినవాళ్ళు ఇంటికి వస్తారని లెక్క. వాళ్ళు తిరిగి వెళ్ళేందుకని కినుకో వంకాయకి పుల్లల కాళ్ళు గుచ్చి ఆవుని చేసింది. ఆవు కుంటుతోంది.

"మా అక్క దీని మీద వెళితే అవతలి ఒడ్డుకి చేరేసరికి క్రిస్మస్ వస్తుంది," అంది.

"నెమ్మదిగా వెళ్ళడానికే కదా ఆవు."

"అబ్బో! బావగారికి మాటలు వచ్చాయి."

పొద్దున్న పండుటాకులు ఏరుతుంటే పట్టకారు జారి పలకల సందులోంచి కింద పడింది. మోకాళ్ళ మీద వంగి బల్ల కిందికి చూశాను.

అడవి చేమంతి బతికే ఉంది. జానెడు ఎత్తు. ఆకుల అంచుల మీద తెల్లటి గీత. మట్టి తడిగా ఉంది.

చెట్టుకి పోసిన నీళ్ళు కుండీ రంధ్రంలోంచి కారి, పలక మీద పారి, మూడో పలక సందులోంచి కిందికి దిగుతున్నాయి. చుక్కలు సరిగ్గా ఆ కుండీలో పడుతున్నాయి. గుక్కెడు పోసి చూశాను. పధ్నాలుగు సెకన్లకి మొదటి చుక్క పడింది. మళ్ళీ పోశాను. పధ్నాలుగే.

ఆమె మందు మత్తులో లేదు.

చాలాసేపు అక్కడే మోకాళ్ళ మీద ఉన్నాను. కినుకో వచ్చి, "పట్టకారు దొరకలేదా?" అంది.

దొరకలేదన్నాను.


ఆగస్టు 15

చేమంతిని బయటికి తియ్యలేదు. అక్కడే ఉంచాను. మధ్యాహ్నం కూడా చెట్టుకి నీళ్ళు పోస్తున్నాను. ఎండ ఎక్కువగా ఉంది కనక.


సెప్టెంబరు 21

కినుకోకి అక్క ఫొటో కావాలట. ఒక్కతే ఉన్నది, నవ్వుతున్నది. వెతికాం. అలాంటిది లేదు. ఉన్నవన్నీ ప్రదర్శన ఫొటోలే. మధ్యలో చెట్టు, పక్కన నేను, ఆ చివర ఫొటో అంచులో సగం తెగి ఆమె.

"చూశారా, గడ్డి కుండీలాగే ఉంది మా అక్క," అంది కినుకో. తను వేళాకోళానికే అంది.

తను వెళ్ళాక మళ్ళీ చూశాను. మనుషుల్ని కాదు, చెట్టుని. ఏదో తేడాగా ఉంది.

కుండీ చెట్టుకి ముఖం ఉంటుంది. చూసేవాళ్ళకి ఎదురుగా ఉండవలసిన వైపు. ఈ చెట్టుకి ముఖం నేనే నిర్ణయించాను, మొదటి ప్రదర్శనకి ముందు, తూకపుగుండు కట్టి, మూడు ఆదివారాలు కొలిచి. కాండం మీది పాత గాటు సరిగ్గా నడిమధ్యకి రావాలి. ఎడమకి సాగిన మొదటి కొమ్మ కొద్దిగా ముందుకి, చూసేవాళ్ళ వైపు రావాలి, వచ్చినవాళ్ళకి వంగి నమస్కరిస్తున్నట్టు. పుస్తకాలన్నీ అదే చెబుతాయి.

ఫొటోల్లో గాటు మధ్యలో లేదు. ఎడమకి జరిగి ఉంది. ముప్పై ఒక్క ఫొటోలు స్కేలు పెట్టి కొలిచాను. దాదాపు తొమ్మిది డిగ్రీలు. కుండీ అంచు మీద ముప్పై అయిదు మిల్లీమీటర్లు. అంటే రెండు వేళ్ళ మేర.

ఒక్క ఏడు తప్ప. కరువు ఏడు చెట్టుకి నేను పెట్టిన ముఖమే ఉంది.

ఫొటో తీసేవాడు పక్కగా నిలబడి ఉంటాడు.


సెప్టెంబరు 22

ముప్పై ఏళ్ళూ పక్కగా నిలబడడు.

చెట్టు ఇంట్లో కంటే హాలులో ఎప్పుడూ బాగుండేది. దీపాల వల్ల అనుకునేవాణ్ణి.


అక్టోబరు 12

హిబినో వచ్చాడు. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు.

"ఏమయ్యా అకుత్సు, పేర్లు అచ్చుకి ఇవ్వాలి. నాలుగో గూడు సంగతేమిటి?"

"మానుకుంటున్నానని ఉత్తరం రాశాను."

"ఏదీ, రాలేదే?"

"పోస్టు ఆలస్యం అయి ఉంటుంది."

"ఎప్పుడు వేశావు?"

"జూన్‌లో రాశాను."

హిబినో నన్నూ, నేను చూస్తున్న సొరుగునీ చూశాడు. పైన్ దగ్గరికి వెళ్ళి కళ్ళద్దాలు పైకి తోసి చూశాడు.

"సూదులు ఇంత పొట్టిగా ఎప్పుడూ రాలేదు నీకు. ఎలా చేశావు?"

"చిగుళ్ళు ఆలస్యంగా కోశాను."

"ఇది చూపించకుండా ఇంట్లో పెట్టుకుంటే పాపం తగులుతుంది. అటు పక్క నేను పడతాలే. నా నడుం సంగతి నేను చూసుకుంటా. పద, పీట మీద పెట్టి చూద్దాం."

ఇద్దరం మోశాం. ముందుగది గూట్లో పెట్టాం. కుడివైపు ఎత్తు పీట మీద చెట్టు. ఎడమన కింద పలక మీద చేమంతి. మూడు మొగ్గలున్నాయి. మధ్యలో గోడకి బొమ్మ వేలాడదీయాలి. పెట్టె తెరిచి ఒకటి తీసి వేశాను. సిరాతో గీసిన చేమంతి పూలు.

హిబినో నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "నేల మీద చేమంతి, గోడ మీద చేమంతి. ఒకే మాట రెండుసార్లు చెబుతావా? నిన్నగాక మొన్న చేరినవాడు చేస్తాడు ఈ తప్పు."

తెలుసు. చెట్టు చెప్పింది బొమ్మ చెప్పకూడదు, బొమ్మ చెప్పింది గడ్డి చెప్పకూడదు. నేనే ఎంతమందికో నేర్పాను. అయినా చెయ్యి దాని మీదికే పోయింది.

తీసేసి, ఎప్పుడూ వేసేదే వేశాను. పెద్ద తెల్లకాగితం, కింద ఒక గీత, గీత మీద ఒక తెరచాప. తీరం లేదు. సముద్రపు ఒడ్డున పెరిగే చెట్టు కనక తీరం సంగతి పైన్ చూసుకుంటుంది. ఆ బొమ్మ సుమియే పాత సామాన్ల అంగట్లో కొన్నది. "ఏమీ లేని చోటే ఎక్కువ ఉంది, బేరం బాగుంది," అంది ఆ రోజు.

హిబినో వెళ్ళాక ఒక్కణ్ణే కూర్చుని చూశాను. అన్నీ ఉండవలసిన చోట ఉన్నాయి. ఎత్తులు సరి. దూరాలు సరి. అయినా చెట్టు వేరు, చేమంతి వేరు. బస్టాపులో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు కొత్తవాళ్ళలా ఉన్నాయి. చేమంతిని అరచెయ్యి ముందుకి జరిపాను, వెనక్కి జరిపాను, పలక మార్చాను. కుదరలేదు.

చెట్టుని కదపలేదు. దాని ముఖం సరిగ్గానే ఉంది. కొలిచాను.


అక్టోబరు 15

ఉత్తరం చింపేశాను. సూదులు పొట్టిగా వచ్చాయి కనక.


నవంబరు 7

ప్రదర్శన రేపు మొదలు. ఈ రోజు మధ్యాహ్నం చెట్టుని హాలుకి చేర్చాం. హిబినో అటు పక్క పట్టాడు. మెట్ల దగ్గర ఒకసారి దించి, "సుమియే గారు ఈ మెట్ల మీద ఎప్పుడూ ఆగలేదు," అన్నాడు ఆయాసపడుతూ. నాచు సర్దాను. పీట తుడిచాను. తూకపుగుండు పట్టి ముఖం సరిచూశాను. చేమంతి మొగ్గ ఒకటి సగం విచ్చింది.

దీపాలు వేశారు. అవే దీపాలు. చెట్టు ఇంట్లో ఉన్నట్టే ఉంది.

నాలుగింటికి పని ముగించి, హిబినో, నేను ఎదురుగా ఉన్న ఉదొన్ నూడిల్సు కొట్లో కూర్చున్నాం. ఏటా సర్దడం అయ్యాక మగవాళ్ళందరం అక్కడికే వెళ్ళేవాళ్ళం. సుమియే నాచు ముక్కలు ఊడ్చి వస్తానని వెనక ఉండిపోయేది.

గిన్నెలు వచ్చాయి. తినే ముందే అడిగేశాను.

"ఫొటోల్లో చెట్టు తిరిగి ఉంది. ఏటా. నీకేమైనా తెలుసా?"

హిబినో నూడిల్సు సగం నోట్లో, సగం గిన్నెలో ఉండగా ఆగిపోయాడు. తాపీగా జుర్రుకుని మింగాడు.

"ఇప్పుడా అడగడం?"

"తెలుసా, తెలియదా?"

"నాకు తెలుసు. కార్యదర్శికి తెలుసు. హాలు కావలివాడికి తెలుసు. ఈ ఉదొన్ కొట్టు ఆవిడకి కూడా తెలుసనుకుంటా."

"ఆఁ, తెలుసు," అంది ఆవిడ పొయ్యి దగ్గర నుంచి. "చీపురు తిరిగి ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆవిడే చెప్పేది. నవ్వుకునేవాళ్ళం."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు కొలబద్ద తెస్తావంది. నిజమే కదా?" అన్నాడు హిబినో. "నువ్వు ఇటు రాగానే ఆవిడ చీపురు గోడకి ఆనించి, కుండీ అంచుకి రెండు వేళ్ళు ఆనించి కొలిచి, ఎడమకి తిప్పేది. అంతే. అంత బరువు కుండీ ఆవిడ చేతిలో గానుగెద్దులా తిరిగేది. మరి పైన్ పెంచేవాడి కూతురు. మేం నీ వెనకే రాకుండా తలుపు దగ్గర ఆగి అది చూసి వచ్చేవాళ్ళం. మా అందరికీ అది పాఠం. నీకొక్కడికే సెలవు."

చాప్‌స్టిక్స్ గిన్నె మీద పెట్టేశాను.

"ఒకసారి అడిగాను, ఆయన ముఖం బాగానే ఉంది కదమ్మా, ఎందుకు తిప్పుతావని. ఏమందో తెలుసా? 'ఆయన చెట్టు వచ్చేపోయేవాళ్ళందరికీ దండాలు పెడుతోందండీ, హిబినో గారూ. పక్కన ఉన్నవాళ్ళ వైపు ఒక్కసారైనా తిరగొద్దూ?'"

ఉదొన్ ముద్దయిపోయింది. తిన్నాను. హిబినో నా గిన్నెలో తన చేపముక్క వేశాడు. ఎప్పుడూ వెయ్యడు.

ఇంటికి వచ్చి కాగితం మీద గీసుకున్నాను. చెట్టు, పీట, చేమంతి, పై నుంచి చూస్తున్నట్టు. నేను పెట్టిన ముఖంతో ఉంటే మొదటి కొమ్మ చేమంతికి ఎదరగా, చూసేవాళ్ళ వైపు పోతుంది. తొమ్మిది డిగ్రీలు తిప్పితే కొమ్మ కొస సరిగ్గా చేమంతి మీదికి వస్తుంది. గీత గీసి చూశాను. చేమంతి లేని ఏడు, రాయి పెట్టిన ఏడు, తిప్పవలసిన పని లేదు.

ముప్పై ఏళ్ళు ఆ గూడు ముందు నిలబడి పొగడ్తలు తీసుకున్నాను. బాగా సర్దావంటే, అవునని తల వంచాను.

కప్పులో చిగుళ్ళు ఎండిపోయి గోధుమరంగుకి వచ్చాయి. మందిరంలో ఆ ఖాళీ చోట పెట్టాను.

హాలు తలుపు ఏడింటికి తీస్తారు. కావలివాడికి ఫోన్ చేశాను. ఆరున్నరకే తీస్తానన్నాడు. ఎందుకని అడగలేదు.

రేపు పొద్దున్న వెళ్ళి, ముందు చేమంతికి నీళ్ళు పోస్తాను. తర్వాత కుండీని రెండు వేళ్ళ మేర ఎడమకి తిప్పుతాను. కొలబద్ద ఇంట్లో వదిలేసి వెళతాను.